కందమొక్కను గ్రంథానికెక్కించిన డాక్టరు: విలియం రాక్స్‌బర్గ్ (1751–1815)

కంద, చేమ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో పుట్టి పెరిగిన మన హాస్టల్ విద్యార్థులకైతే ఇవి కూరగాయలు మాత్రమే కావు. తొలకరి పడగానే ఏ గట్టు మీద కంద మొలుస్తుందో, ఏ అడవి దుంప తినవచ్చో, ఏది ముట్టుకుంటే చేయి దురద పెడుతుందో మన తాతలకు, నాయనమ్మలకు కంఠతా వచ్చు. ఆ జ్ఞానం వారికి ఏ పుస్తకం నుంచీ రాలేదు. మరి అదే కంద ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎలా వెళ్ళింది? ఎవరు రాశారు? ఎవరి పేరు నిలిచింది? ఎవరి పేరు నిలవలేదు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే మన తూర్పు కనుమల దిగువన, సామర్లకోటలో పన్నెండేళ్ళు గడిపిన ఒక స్కాట్లాండ్ వైద్యుని జీవితం కళ్ళ ముందుకు వస్తుంది. ఆయనే విలియం రాక్స్‌బర్గ్. భారత వృక్షశాస్త్ర పితామహుడని ఆయనను పిలుస్తారు.

బాల్యం, చదువు

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లోని ఐర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. ఆ రోజుల్లో మందులన్నీ ఎక్కువగా మొక్కల నుంచే వచ్చేవి గనుక డాక్టరు కావాలంటే వృక్షశాస్త్రం తప్పనిసరిగా చదవాలి. అక్కడ జాన్ హోప్ అనే గురువు దగ్గర మొక్కలను గుర్తించడం, విడదీసి చూడడం, వర్ణించడం నేర్చుకున్నారు. మొక్కలకు రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతిని స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో స్థిరపరిచి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొత్త పద్ధతి, కొత్త ఉత్సాహం. ఆ ఉత్సాహంతోనే రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసి, 1776లో మద్రాసు చేరి అక్కడి ఆసుపత్రిలో సహాయ వైద్యునిగా కుదిరారు.

మద్రాసులో ఆయన చేసిన మొదటి పని మనం గమనించదగినది. రోజుకు మూడుసార్లు ఎండ, గాలి, వాన వివరాలు కొలిచి నోటు పుస్తకంలో రాసేవారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చూసినది చూసినట్టు, చూసిన రోజే రాయడం ఆయనకు అలవాటు. ఆయన జీవితంలో తరువాత జరిగిన మంచి అంతా ఈ ఒక్క అలవాటు నుంచే వచ్చింది.

సామర్లకోటలో పన్నెండేళ్ళు

1781లో ఆయనను ఉత్తర సర్కారులలోని సామర్లకోటకు పంపారు. అక్కడి కంపెనీ సైనికులకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. కానీ చుట్టూ ఉన్నది ఎలాంటి చోటు! ఒక వైపు గోదావరి డెల్టా, మరొక వైపు తూర్పు కనుమల కొండలు. పొలం గట్ల మొక్కలు, చెరువుల మొక్కలు, ఉప్పునీటి మడ చెట్లు, కొండ అడవుల వృక్షాలు అన్నీ కొద్ది రోజుల ప్రయాణంలో దొరికే చోటు. వాటిలో చాలా వాటికి అప్పటికి లాటిన్ పేరే లేదు.

ఆ కాలంలో ఆయనకు తోడు దొరికినవారు ఇద్దరు. మొదటివారు కోనిగ్. ఈయన స్వయంగా లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యునిగా వచ్చి దక్షిణ భారతమంతా తిరిగి మొక్కలు సేకరించారు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో జబ్బుపడి మరణించారు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినది రాక్స్‌బర్గే. రెండవవారు విశాఖపట్నంలో ఉండిన ప్యాట్రిక్ రస్సెల్. మనం రక్తపింజరి అని పిలిచే పాముకు శాస్త్రంలో ఉన్నది ఈ రస్సెల్ పేరే. రస్సెల్ తరువాత మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి రాక్స్‌బర్గ్‌కు వచ్చింది.

సామర్లకోటలో ఆయన ఒక తోట వేశారు. కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, రొట్టెపండు, మల్బరీ వంటివి తెచ్చి ఇక్కడి నేలలో బ్రతుకుతాయా లేదా అని పరీక్షించారు. రాజమండ్రి కొండల్లో అడవి మిరియపు తీగను చూసి మిరియాల తోట పెంచారు. చెరకు సాగు, నీలిమందు తయారీ గురించి కూడా రాశారు. ఇదంతా దయతో చేసినదని అనుకోనక్కరలేదు. కంపెనీకి కావలసింది రాబడి. ఏ మొక్క అమ్మితే డబ్బు వస్తుందన్నదే దాని ప్రశ్న. రాక్స్‌బర్గ్ ఆ కంపెనీ నౌకరు. ఈ సంగతి మరచిపోకుండానే ఆయన పనిలోని గొప్పతనాన్ని మనం చూడాలి.

ఆయన కష్టాలు కూడా తక్కువ కాదు. తొలినాళ్ళలో సేకరించిన మొక్కలు, పుస్తకాలు నీటి ముంపులో పోయాయి. అంతటితో చాలించి ఊరుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

బొమ్మలు గీసినవారు ఎవరు?

ఎండిన మొక్క రంగు పోతుంది, ఆకారం నలుగుతుంది. అందుకని పచ్చి మొక్కను ఎదురుగా పెట్టి బొమ్మ గీయించాలని ఆయన నిర్ణయించారు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకున్నారు. మొక్క నిలువెత్తు ఆకారం, పక్కన పువ్వును కోసి చూపిన భాగాలు, కాయ, గింజ అన్నీ ఒకే కాగితం మీద వచ్చేలా వారు గీశారు. 1790 నాటికి దాదాపు 700 బొమ్మలు తయారయ్యాయి. వాటిలో కొన్ని వందలు లండన్‌కు వెళ్ళగా, అక్కడ జోసెఫ్ బ్యాంక్స్ అనే శాస్త్రవేత్త పర్యవేక్షణలో 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కలు అనే గొప్ప గ్రంథం అచ్చయింది. 1795లో మొదలైన ఈ మూడు సంపుటాలు పూర్తిగా వెలువడడానికి పాతికేళ్ళు పట్టింది.

మన అడవుల్లో మనం రోజూ చూసే చెట్లెన్నో ఈ గ్రంథంలో ఉన్నాయి. బీడీ ఆకు ఇచ్చే తునికి, పూలు ఏరుకునే ఇప్ప, బిళ్ళుడు కర్ర ఇచ్చే చెట్టు ఇందులోనివే. తెలుగువారు సోమిడ అని పిలిచే చెట్టును కూడా ఆయన వర్ణించారు. ఆ తెలుగు పేరునుంచే తరువాత సోయ్‌మిడా అనే లాటిన్ ప్రజాతి పేరు పుట్టింది. అంటే మన ఊరి మాట ఒకటి ప్రపంచ శాస్త్ర నిఘంటువులో శాశ్వతంగా ఉండిపోయింది.

కానీ ఆ బొమ్మలు గీసిన తెలుగు నేల చిత్రకారుల పేర్లు పుస్తకంలో అచ్చు కాలేదు. అడవిలోకి దారి చూపినవారి పేర్లు, మొక్క పేరు చెప్పినవారి పేర్లు కూడా లేవు. మాట మిగిలింది, చెప్పిన మనిషి మిగలలేదు.

కంద కుటుంబం అంటే ఏమిటి?

ఇప్పుడు కంద దగ్గరకు వద్దాం. కంద, చేమ, గజపిప్పలి తీగ, చెరువుల మీద తేలే అంతరతామర – చూడడానికి ఇవన్నీ వేరువేరు. ఒకటి దుంప, ఒకటి చెట్టునెక్కే తీగ, ఒకటి నీటి మొక్క. అయినా శాస్త్రం వీటిని ఒకే కుటుంబంలో పెట్టింది. ఎందుకని? పువ్వును చూసి. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. మధ్యలో నిలువుగా ఒక కంకి ఉంటుంది. దాని మీద ఎన్నో చిన్న చిన్న పువ్వులు అతుక్కుని ఉంటాయి. ఆ కంకిని చుట్టి దొన్నెలాంటి ఆకు ఒకటి ఉంటుంది. కందలోనైతే కంకి కింది భాగంలో ఆడ పువ్వులు, వాటి పైన మగ పువ్వులు, అన్నిటికంటే పైన ఉబ్బిన బుడిపె ఉంటాయి. తొలకరి రోజుల్లో ఆకు రాకముందే ఈ పువ్వు నేలలోంచి పొడుచుకు వస్తుంది. కుళ్ళిన మాంసం వాసన వేస్తుంది. ఆ వాసనకు వచ్చిన పురుగులే పుప్పొడిని ఒక మొక్క నుంచి మరొక మొక్కకు మోస్తాయి. పువ్వు వాడిన తరువాత మచ్చల కాడ మీద గొడుగులాంటి ఒకే ఒక్క ఆకు లేస్తుంది.

రాక్స్‌బర్గ్ ఈ మొక్కను ఎదురుగా పెట్టుకుని వర్ణించారు. దొన్నె ఆకు గంట ఆకారంలో ఉన్నదని గమనించి, గంటవంటిది అనే అర్థంలో ఆరమ్ కాంపాన్యులేటమ్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఈ కుటుంబంలోని చాలా మొక్కలను ఆరమ్ అనే ఒక్క ప్రజాతిలోనే వేసేవారు. తెలుగువారు దానిని కంద అంటారని కూడా రాశారు. ఎప్పుడు నాటుతారు, ఎలా సాగు చేస్తారు, దుంప ఎంత తూగుతుంది వంటి రైతు సంగతులు కూడా వదలలేదు.

ఈ కుటుంబంలో ఆయన పెట్టిన మిగతా పేర్లను చూస్తే ఒక పాఠం తెలుస్తుంది. ఆకు మీద చిన్న గడ్డలు కాసి, అవి రాలి మొలిచే అడవి కందకు గడ్డలు మోసేది అనే అర్థంలో బల్బిఫెరమ్ అన్నారు. ఇంకొకదానికి ముత్యాలు మోసేది అనే అర్థంలో మార్గరిటిఫెరమ్ అన్నారు. అడవిలో ఉండేదానికి సిల్వాటికమ్ అన్నారు. మందుగా వాడే గజపిప్పలికి ఔషధపు మొక్క అనే అర్థంలో అఫిసినాలిస్ అన్నారు. రాళ్ళ వాగుల్లో పెరిగే చిన్న నీటి మొక్కకు వెనక్కి మెలిదిరిగినది అనే అర్థంలో రెట్రోస్పైరాలిస్ అన్నారు. ఒక్కటీ గొప్పవారిని మెప్పించడానికి పెట్టిన పేరు కాదు. ప్రతి పేరులోనూ ఆ మొక్కను గుర్తుపట్టే ఆనవాలో, దాని చోటో, దాని ఉపయోగమో ఉంది.

తరువాతి కాలంలో వియన్నాకు చెందిన షాట్ వంటి పండితులు ఆరమ్ వంటి పెద్ద గంపలను విడదీసి చిన్న ప్రజాతులుగా సర్దారు. గజపిప్పలి స్కిండాప్సస్‌లోకి, అడవి కందలు అమార్ఫోఫాలస్‌లోకి, వాగు మొక్క క్రిప్టోకోరైన్‌లోకి వెళ్ళాయి. ప్రజాతి పేరు మారినా రాక్స్‌బర్గ్ పెట్టిన రెండవ మాట నిలిచింది. అందుకే నేటికీ ఆ పేర్ల వెనుక బ్రాకెట్లలో ఆయన పేరు ఉంటుంది. షాట్ ఈ కుటుంబంలోనే ఒక మొక్కకు టైఫోనియం రాక్స్‌బర్గై అని పేరు పెట్టి ఆయనను గౌరవించారు. వర్గీకరణ ఒకసారి రాసి మూసేసే పుస్తకం కాదు. ఒకప్పుడు ఈ కుటుంబంలోనే చేర్చిన వసను ఇప్పుడు వేరే కుటుంబంగా విడదీశారు.

రెండేళ్ళలో చేజారిన పేరు

మరి మన కందకు ఆయన పెట్టిన పేరు నిలిచిందా? నిలవలేదు. ఈ కథలో అందరూ తెలుసుకోవలసిన భాగం ఇదే.

మొక్కల పేర్ల విషయంలో శాస్త్రానికి ఒక నియమం ఉంది. ఎవరు ముందు చూశారన్నది కాదు, ఎవరు ముందు అచ్చులో ప్రకటించారన్నదే లెక్క. రాక్స్‌బర్గ్ కందను వర్ణించి, బొమ్మ గీయించి ఏళ్ళు గడిచినా, ఆ బొమ్మ ఉన్న మూడవ సంపుటంలోని చివరి భాగం 1820కి గాని వెలువడలేదు. ఈలోగా 1818లో డెన్‌స్టెడ్ట్ అనే జర్మన్ పండితుడు అదే మొక్కకు వేరే పేరు అచ్చు వేశాడు. ఆయన ఇండియాకు వచ్చి కందను చూసి పెట్టిన పేరు కాదు అది. కేరళ మొక్కల మీద 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా వచ్చిన హోర్టస్ మలబారికస్ అనే పాత గ్రంథంలోని బొమ్మను ఆధారం చేసుకుని పెట్టిన పేరు. చాలా కాలం రాక్స్‌బర్గ్ మాటే వాడుకలో ఉన్నా, 1977లో నికల్సన్ అనే శాస్త్రవేత్త నియమం ప్రకారం సరిచేయగా ఇప్పుడు కంద శాస్త్రీయ నామం అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్. చేతితో మొక్కను పట్టుకుని చూసినవాని పేరు రెండేళ్ళ ఆలస్యంతో వెనక్కి పోయింది.

ఇంకొక విషయం కూడా ఆలోచించండి. ఆ కేరళ గ్రంథంలో మొక్కల గుణాలు చెప్పిన ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుని పేరు, ఆయన ఇచ్చిన ధ్రువపత్రంతో సహా అచ్చయింది. అంటరానితనం రాజ్యమేలిన ఆ రోజుల్లో, మూడువందల ఏళ్ళకు పూర్వమే, ఒక వెనుకకు నెట్టబడిన కులపు వైద్యునికి గ్రంథంలో చోటు దొరికింది. అందుకే కేరళ ఆయనను నేటికీ స్మరించుకుంటుంది. మన సర్కారు కొండల్లో రాక్స్‌బర్గ్‌కు మొక్క పేర్లు చెప్పినవారికి ఆ భాగ్యం దక్కలేదు. వారి జ్ఞానం తక్కువై కాదు. వారి పేరు ఎవరూ రాయకపోవడం వల్ల.

కరువు నేర్పిన చదువు

సామర్లకోట రోజుల్లో రాక్స్‌బర్గ్ కళ్ళారా చూసిన ఘోరం 1789–92 నాటి కరువు. సర్కారు జిల్లాల్లో వానలు వరుసగా ముఖం చాటేశాయి. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. లెక్కలేనంత మంది ఆకలితో చనిపోయారు. వాన లెక్కలు రాసే అలవాటున్న రాక్స్‌బర్గ్ ఇది ఒక్కసారి వచ్చిన విపత్తా, ఇంతకుముందు కూడా వచ్చిందా అని విచారించారు. పిఠాపురం సంస్థానంలోని పాత కాగితాల వల్ల సుమారు వందేళ్ళ క్రితం కూడా ఇలాంటి భయంకరమైన కరువు వచ్చిందని తెలిసింది. మళ్ళీ వస్తుందని గ్రహించి, కొబ్బరి, తాటి, ఈత, పనస, రొట్టెపండు వంటి, వాన తప్పినా తిండి పెట్టే చెట్లను ఊళ్ళ వెంట, కాలువల వెంట నాటించాలని 1793లో కంపెనీ ప్రభుత్వానికి సూచించారు.

వరి ఎండిపోయినప్పుడు మనిషిని బ్రతికించేది ఏమిటన్న ప్రశ్నకు కొండవాసుల దగ్గర పాత జవాబు ఉంది. అదే దుంప. ఆకు ఎండినా దుంప నేలలో భద్రంగా ఉంటుంది. కాకపోతే కంద జాతి దుంపల్లో సూదుల్లాంటి సున్నపు స్ఫటికాలు ఉంటాయి. నోరు, గొంతు దురద పెట్టడానికి కారణం అవే. చింతపండు వేసి వండడం, నీళ్ళు మార్చి మార్చి ఉడకబెట్టడం మన పెద్దలు కనిపెట్టిన ఉపాయాలు. ఏ దుంపకు ఏ ఉపాయమో తెలియకుండా అడవి దుంప తినడం ప్రమాదం. పెద్దలకు తెలిసిన ఈ వివరం ఎవరూ రాసి పెట్టకపోతే వారితోనే పోతుంది.

కలకత్తా, చివరి రోజులు

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళారు. ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేశారు. దేశం నలుమూలల నుంచి మొక్కలు తెప్పించి నాటించారు. మొత్తం మీద రెండున్నర వేలకు పైగా మొక్కల బొమ్మలు గీయించారు. ఆ తోటలోని సుమారు 3,500 మొక్కల పట్టికను ఆయన స్నేహితుడు విలియం కేరీ 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించారు.

ఆరోగ్యం చెడిపోయి 1813లో రాక్స్‌బర్గ్ ఇండియా వదిలి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు తన జీవితకాలపు రచన ఫ్లోరా ఇండికా వ్రాతప్రతిని కేరీ దగ్గర ఉంచారు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఫ్లోరా ఇండికా మొదటి సంపుటం 1820లో, రెండవది 1824లో వచ్చాయి. మూడు సంపుటాల పూర్తి గ్రంథం 1832లో వెలువడింది. అంటే ఆయన తన గొప్ప పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. కానీ రాసి ఉంచారు గనుక అది బ్రతికింది. ఆ పుస్తకంలో ఎన్నో మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి.

మనం నేర్చుకోవలసింది

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! కొత్త మొక్కను వర్ణించడానికి ఇప్పుడు కూడా పద్ధతి దాదాపు అదే. మొక్కను పువ్వుతో, కాయతో సహా సేకరించాలి. దొరికిన చోటు, తేదీ, ఎత్తు రాయాలి. ఎండబెట్టిన నమూనాను అందరూ వచ్చి చూడగల మొక్కల భాండాగారంలో భద్రపరచాలి. దగ్గరి జాతులన్నిటితో పోల్చి తేడా నిరూపించాలి. ఆ తరువాత అచ్చులో ప్రకటించాలి. ఒకప్పుడు లాటిన్‌లో రాయక తప్పేది కాదు. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది.

ఇందులో మన కొండ పిల్లలకు అందనిది ఏదీ లేదు. పైగా యూనివర్సిటీ నుంచి వచ్చే పరిశోధకునికి నెలలు పట్టే పని, ఏ వాగు ఒడ్డున ఏ మొక్క ఏ నెలలో పూస్తుందో తెలుసుకోవడం, మన ఇళ్ళల్లో అమ్మమ్మకు నోటిమాట. మన రాష్ట్రంలోని కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర అనే దురద లేని కంద రకం నేడు దేశమంతా పండుతోంది. అది కూడా రైతుల పొలాల్లోని స్థానిక రకాల్లోంచి ఎంచి తీసినదే.

కాబట్టి ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. ఇంట్లో పెద్దలను అడిగి పది మొక్కల పేర్లు మన భాషలో రాయండి. కువి అయినా, ఆదివాసీ ఒడియా అయినా, తెలుగు అయినా సరే, పలికినట్టే రాయండి. ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు పూస్తుంది, ఎలా వండుతారు, దేనికి వాడకూడదు అన్నీ రాయండి. చివర మాత్రం చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. రాక్స్‌బర్గ్ గ్రంథంలో ఖాళీగా మిగిలిపోయిన వరుస అదే. దాన్ని నింపగలిగినది మనమే.